ఉత్తరం వెతికే చక్రం

ఇంటర్ పిల్లలకు అయస్కాంతత్వం పాఠం చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, ఓడంతా ఇనుమే కదా. దాని మధ్యలో పెట్టిన దిక్సూచి ముల్లు ఓడ ఎటు లాగితే అటు తిరిగిపోదా?" అంది. విశాఖలో పాఠం చెప్పేవాళ్లకు ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవ్వాల్సిందే. తిరిగిపోతుందనే చెప్పాను. అలా తిరగకుండా దిక్సూచికి రెండు పక్కలా రెండు ఇనుప గుండ్లు, ముందువైపు నిలువుగా ఒక ఇనుప కడ్డీ, కింద అరల్లో చిన్న చిన్న అయస్కాంతాలు పెట్టి, ఓడ ఇనుము లాగే లాగుడుకు ఎదురు లాగుడు కల్పిస్తారని బొమ్మ గీసి చూపించాను. ఓడలో సరుకు మారినా, ఓడ వేరే అక్షాంశానికి వెళ్లినా ఆ సర్దుబాటు చెడిపోతుందని కూడా చెప్పాను.

ఆ అమ్మాయి కూర్చోలేదు. "అసలు అయస్కాంతమే లేకుండా ఉత్తరం కనిపెట్టలేమా?" అంది.

కనిపెట్టగలం. నూరేళ్లకు పైగా పెద్ద ఓడలు చేస్తున్నది అదే. ఆ పని చేసే యంత్రం పేరు గైరో దిక్సూచి. నాకు తెలిసిన యంత్రాల్లో ఇంత అందమైన ఆలోచన మీద నిలబడ్డవి తక్కువ.

ముందు ఒక మాట. ఉత్తరం ఎటో తెలిసేది గమ్యం చేరడానికే అనుకుంటాం. డోవర్ జలసంధి, సింగపూర్ జలసంధి లాంటి రద్దీ దారుల్లో దానికి అంతకంటే పెద్ద పనుంది, పక్క ఓడను గుద్దకుండా ఉండడం. ఎదురుగా వచ్చే ఓడను దిక్సూచితో చూస్తూ ఉండాలి. దూరం తగ్గుతున్నా అది కనిపించే దిక్కు మారడం లేదంటే రెండూ ఒకే చోటికి చేరుతున్నాయన్నమాట. గుద్దుకునే ప్రమాదాన్ని ఎలా పసిగట్టాలో చెప్పే 1972 నాటి అంతర్జాతీయ నియమాల్లో ముఖ్యమైన సూత్రం ఇదే. అయితే కెరటాలకు మన ఓడ ముక్కే అటూ ఇటూ రెండు మూడు డిగ్రీలు ఊగుతూ ఉంటుంది. ముక్కును బట్టి దిక్కు కొలిస్తే, మారింది ఆ ఓడ దిక్కో మన ముక్కో తేలదు. మన దగ్గర కదలని ఉత్తరం ఒకటి ఉంటే తప్ప ఆ నియమం పాటించలేం. రాడార్ తెర మీద ఉత్తరాన్ని పైన నిలిపి, ఓడ తిరిగినా బొమ్మ చెదరకుండా పట్టి ఉంచేదీ గైరో దిక్సూచే.

ఇక దాని పుట్టుక. 1851లో పారిస్‌లో పొడవాటి లోలకం వేలాడదీసి భూభ్రమణాన్ని కళ్లకు చూపించిన ఫూకో, మరుసటి ఏడాది వేగంగా తిరిగే ఒక చక్రంతో అదే సంగతి చూపించాడు. గైరోస్కోప్ అన్న పేరు పెట్టిందీ అతనే. అలాంటి చక్రం ఇరుసును నేలకు సమాంతరంగా ఉండేలా కట్టేస్తే అది ఉత్తరానికి తిరుగుతుందని కూడా అప్పుడే చెప్పాడు. కాని చేత్తో తిప్పిన చక్రం కొద్ది నిమిషాల్లో ఆగిపోయేది. ఎలక్ట్రిక్ మోటారు వచ్చేదాకా ఆ ఆలోచన అక్కడే ఉండిపోయింది.

దాన్ని మళ్లీ పైకి తీసినవాడు ఇంజనీరు కాదు, కళల చరిత్రలో డాక్టరేట్ చేసిన జర్మన్, హెర్మన్ అన్‌షుట్జ్-కెంఫె. మంచు కింద నుంచి జలాంతర్గామిలో ఉత్తర ధ్రువం చేరాలని ఆయన పట్టుదల. చుట్టూ ఉక్కు గోడలే ఉన్న జలాంతర్గామిలో అయస్కాంత దిక్సూచి దేనికీ పనికిరాదు. అందుకే గైరోస్కోప్ మీద పడ్డాడు.

మొదట ఆయన చేసింది ఎవరికైనా తట్టే పనే. వేగంగా తిరుగుతున్నంతసేపు బొంగరం ఒరగనట్టే, ఎటు కావాలంటే అటు తిరగగల చట్రంలో రాపిడి లేకుండా నిలబెట్టిన చక్రం తన ఇరుసు దిశను వదలదు. రేవులోనే ఇరుసును ఉత్తరానికి తిప్పి పెట్టుకుంటే దారంతా ఉత్తరం చూపిస్తుందని ఆయన ఆశ. కాని రాపిడి పూర్తిగా పోదు, బరువు అన్ని వైపులా వెంట్రుకవాసి తేడా లేకుండా సమంగా ఉండదు. ఇరుసు మెల్లగా పక్కకు జారిపోతుంది. జారిపోయిన సంగతి చక్రానికి తెలియదు, చెప్పేవాళ్లూ ఉండరు. 1904లో చేసిన యంత్రం ఇలాగే తేలిపోయింది.

ఆ తర్వాత అన్‌షుట్జ్ చేసిన పని నాకు ఎంత తలచుకున్నా తనివి తీరదు. సమతూకం కోసం పాకులాడటం మానేసి, చక్రాన్ని మోసే చట్రం కింది భాగాన్ని కావాలనే బరువు చేశాడు.

అది ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే రాత్రి ఆకాశం కేసి చూడాలి. తూర్పు సగంలోని నక్షత్రాలు పైకి లేస్తుంటాయి, పడమటి సగంలోవి కిందికి దిగుతుంటాయి. సరిగ్గా ఉత్తర దక్షిణ రేఖ మీద ఉన్నది మాత్రం ఆ క్షణానికి లేవదు, దిగదు. తిరిగే చక్రం ఇరుసు ఒక నక్షత్రానికి గురిపెట్టినట్టు ఉంటుంది కాబట్టి, దాని కొన కాస్త తూర్పుకు ఉంటే ఆ నక్షత్రంతోపాటే మెల్లగా పైకి లేస్తుంది, పడమరకు ఉంటే కిందికి వంగుతుంది. అంటే కొన లేస్తోందో వంగుతోందో తెలిస్తే ఉత్తరం ఏ పక్కన ఉందో తెలిసినట్టే. ఆ సంగతి కనిపెట్టేది కిందనున్న బరువు. కొన లేవగానే దాన్ని మళ్లీ నేలకు సమంగా దించాలని ఆ బరువు లాగుతుంది.

ఇక్కడే చక్రం విచిత్ర స్వభావం పనికొస్తుంది. సైకిల్ చక్రం ఇరుసుకు రెండు వైపులా పిడులు బిగించి, గట్టిగా తిప్పి, చేతుల్లో పట్టుకుని చూడండి. కుడిచేతి పిడిని పైకి ఎత్తబోతే అది లేవదు. మొత్తం చక్రం పక్కకు మళ్లుతుంది, మణికట్లు మెలిపడతాయి. తిరిగే చక్రాన్ని తోస్తే, తోసిన దిశకు అడ్డంగా, తొంభై డిగ్రీల పక్కకు కదులుతుంది. ప్రిసెషన్ అంటే ఇదే. కాబట్టి బరువు ఇరుసు కొనను కిందికి లాగితే ఆ కొన కిందికి రాదు, పక్కకు, ఉత్తరం వైపు నడుస్తుంది. ఉత్తరం దాటి పడమరకు పోతే కొన వంగుతుంది, బరువు ఎదురు లాగుతుంది, మళ్లీ వెనక్కి నడుస్తుంది. మొదటి యంత్రంలో లేనిది ఇదే. ఎంత పక్కకు జారినా, జారానని చెప్పే భూమి ఒకటి కింద తిరుగుతూనే ఉంది.

ఈ లేవడం ఎంత స్వల్పమో లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. విశాఖ అక్షాంశంలో ఇరుసు నేరుగా తూర్పుకు ఉంటే మొదట్లో గంటకు 14 డిగ్రీల చొప్పున కొన లేస్తుంది. ఉత్తరానికి ఒక్క డిగ్రీ దూరంలో ఉన్నప్పుడో, గంటకు పావు డిగ్రీ మాత్రమే. కెరటాల మీద ఎగిరెగిరి పడే ఓడలో ఆ పావు డిగ్రీని పసిగట్టాలి.

అలాగే వదిలేస్తే ఇరుసు కొన ఉత్తరం చుట్టూ సాగిన దీర్ఘవృత్తం గీస్తూ ఎన్నటికీ ఆగదు. ఆ ఊగులాటను అణచడానికి అనేక ఉపాయాలు పన్నారు. రెండు గిన్నెల మధ్య సన్నని గొట్టంలోంచి ద్రవం ఆలస్యంగా పారి, ప్రతి చుట్టులోనూ కాస్త ఎదురు బరువు వేసే ఏర్పాటు బాగా నిలదొక్కుకుంది. చుట్టుచుట్టుకూ వృత్తం చిన్నదై ఇరుసు ఉత్తరం మీద నిలుస్తుంది. అందుకు గంటలు పడుతుంది. ఓడ రేవు వదలడానికి ఎంతో ముందే గైరోను నడిపించి ఉంచేది ఇందుకే.

ఓడ ఉన్నట్టుండి వేగం మార్చినా, మలుపు తిరిగినా ఆ బరువు లోలకంలా ఊగి ఇరుసును తప్పుదారి పట్టించాలి కదా? దీనికి జవాబు చెప్పినవాడు అన్‌షుట్జ్ బంధువు మాక్స్ షూలర్. భూమి వ్యాసార్ధమంత, అంటే 6,370 కిలోమీటర్ల పొడవున్న లోలకం ఉందనుకోండి. దాని గుండు భూకేంద్రం దగ్గరే ఉంటుంది. పై కొసను ఎంత వేగంగా ఎటు లాక్కుపోయినా తాడు భూకేంద్రం వైపే ఉంటుంది, కాబట్టి ఊగదు. అలాంటి లోలకం ఊగితే ఒక ఊపుకు 84.4 నిమిషాలు పట్టాలి. గైరో ఊపు కాలాన్ని కూడా బరువు సర్ది అంతకే కుదిరిస్తే, ఓడ వేగం మారినప్పుడు అది అనవసరంగా ఊగదు. భూమంత లోలకాన్ని ఒక పెట్టెలో ఇమిడ్చాడు షూలర్! నేను క్లాసులో ఈ లెక్క వేసిన ప్రతిసారీ బోర్డు ముందు కాసేపు ఆగిపోతాను.

ఒక చిన్న తప్పు మాత్రం ఎప్పుడూ మిగులుతుంది. ఓడ ఉత్తరానికి 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) వేగంతో పోతుంటే ఆ కదలిక భూభ్రమణానికి తోడవుతుంది. విశాఖ దగ్గర భూమి ఉపరితలం తూర్పుకు దాదాపు 857 నాట్ల వేగంతో కదులుతోంది. రెండు వేగాలూ కలిసి గైరో ఉత్తరం 1.3 డిగ్రీలు పడమరకు వాలుతుంది. పది నాటికల్ మైళ్లు పోయేసరికి అది 430 మీటర్ల తేడా. ఇరుకైన దారిలో ఎదురు వరుసలోకి పోవడానికి అది చాలు. అందుకే వేగం, అక్షాంశం గైరోకు అందించి ఆ తప్పును తీసేస్తారు.

1908లో జర్మన్ యుద్ధనౌకపై అన్‌షుట్జ్ యంత్రం పరీక్షకు నిలిచింది. ఆయన కలకు మాత్రం అది అక్కరకు రాలేదు. ధ్రువం దగ్గర నక్షత్రాలు లేవవు, దిగవు, నెత్తి చుట్టూ తిరుగుతాయి. లేవడం దిగడం లేని చోట గైరోకు ఉత్తరం తెలిసే దారి లేదు. ధ్రువం చేరడానికి కనిపెట్టిన యంత్రం మిగతా సముద్రాలన్నిటికీ పనికొచ్చింది, ధ్రువానికి తప్ప.

ఈలోగా అమెరికాలో ఆవిష్కర్త ఎల్మర్ స్పెర్రీ రంగంలోకి దిగాడు. అన్‌షుట్జ్ చక్రాన్ని పాదరసం మీద తేల్చితే, స్పెర్రీ తీగకు వేలాడదీశాడు. ఆ తీగ మెలిపడకుండా, గైరో తిరిగిన ప్రతిసారీ పై చట్రాన్ని మోటారుతో వెంట తిప్పాడు. 1911లో నౌకాదళ ఓడలపై చూపించాడు. 1914లో జర్మన్ నౌకాదళానికే అమ్మబోయేసరికి అన్‌షుట్జ్ కోర్టుకెక్కాడు. అన్‌షుట్జ్‌ది కొత్త ఆలోచన కాదు, పాత పేటెంట్లలో ఉన్నదేనని స్పెర్రీ వాదన. కోర్టు నిపుణుడిగా పిలిచింది ఎవరిననుకున్నారు? బెర్న్ పేటెంట్ ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసిన ఐన్‌స్టీన్‌ను. 1915లో, సాధారణ సాపేక్ష సిద్ధాంతంతో కుస్తీ పడుతున్న రోజుల్లోనే, ఆయన అన్‌షుట్జ్ వైపు నిర్ధారణగా అభిప్రాయం రాసిచ్చాడు. ఆ వ్యాజ్యం ఐన్‌స్టీన్, అన్‌షుట్జ్‌ల స్నేహానికి దారితీసింది. 1920ల్లో ఇద్దరూ కలిసి పనిచేశారు. ద్రవంలో తేలే బంతిలో గైరోలను పెట్టి, ఆ బంతి దేనికీ తగలకుండా విద్యుదయస్కాంత బలంతో మధ్యలో నిలిపే ఉపాయం ఐన్‌స్టీన్‌ది. స్పెర్రీ మటుకు గైరోను చుక్కానికి కలిపి ఓడ తనంతట తాను దారి పట్టేలా చేశాడు. నావికులు దానికి మెటల్ మైక్ అని పేరు పెట్టారు.

ఆ బంతిని నేను దగ్గరగా చూశాను. సరుకు ఓడలో అధికారిగా ఉన్న నా పాత విద్యార్థి "రండి సార్, మీ చక్రం చూపిస్తా" అని తీసుకెళ్లాడు. ఓడ నడిపే గది కింద, నడుమెత్తు ఇనుప పెట్టె. చేత్తో తడితే సన్నని అదురు. అద్దంలోంచి చూస్తే ద్రవంలో బంతి, దాని నడుము చుట్టూ డిగ్రీల గీతలు. తాళ్లతో గట్టుకు కట్టేసిన ఓడ కెరటానికి కాస్త కదిలినా, గీతల పక్కన దశాంశ స్థానంలో అంకె మారుతోంది. కదిలింది బంతి కాదు, ఓడ.

ఇప్పుడు చక్రమే లేని గైరోలు వచ్చాయి. గాజు తీగ చుట్టలో రెండు వైపులా కాంతి పంపి, భూభ్రమణం వల్ల వచ్చే అతి చిన్న తేడాను కొలుస్తాయి. గంటలు కాకుండా నిమిషాల్లో సిద్ధమవుతాయి. ఉపగ్రహాలతో దిక్కు చెప్పే పరికరాలూ ఉన్నాయి గానీ, ఆ సంకేతాలను ఎవరైనా చెడగొట్టవచ్చు. భూమి తిరగడాన్ని చెడగొట్టలేరు. స్థూల టన్నేజీ 500, ఆ పైన ఉన్న ఓడలకు గైరో తప్పనిసరి, దాంతోపాటు పాత అయస్కాంత దిక్సూచి కూడా.

రేవులోకి తీసుకెళ్లడానికి తాడు నిచ్చెన ఎక్కి వచ్చిన పైలట్‌కు ఓడ కెప్టెన్ ఒక కార్డు ఇస్తాడు. ఓడ పొడవు, మునక, ఇంజను బలంతోపాటు అందులో గైరో తప్పు ఎంతో రాసే గడి ఒకటుంటుంది. ఆ అంకెను సరిచూడటం కష్టం కాదు. ఒడ్డున ముందు వెనుకలుగా నిలబెట్టిన రెండు దారి దీపాలు ఒకే గీతలోకి వచ్చిన క్షణాన వాటి దిక్కు పటంలో ఎంత ఉందో, గైరో ఎంత చూపిస్తోందో పోల్చి, పైలట్ ఆ తేడాను కలుపుకునే "స్టీర్ టూ ఎయిట్ ఫైవ్" (285 డిగ్రీలకు నడుపు) అని చుక్కాని పట్టినవాడికి చెబుతాడు.