బోరు కేబులు పోతే కేసే ఉండదా?

పులివెందుల చీనీ తోటల్లోనైనా, తుగ్గలి మెట్ట చేలల్లోనైనా బోరున్న రైతుకు రాగి తీగ గురించి బెంగ తప్పదు. కేబులు కోసుకుపోయి, పైతొడుగు కాల్చేసి, రాగిని తూకానికి అమ్మేస్తారు. తెల్లారి స్టేషనుకు బయల్దేరితే దారిలో ఎదురైన ప్రతివాడూ ఒక చట్టం చెబుతాడు.

అపోహ: సొత్తు ఖరీదును బట్టే శిక్ష పెరుగుతుంది.

వాస్తవం: అమెరికాలో చాలా రాష్ట్రాల లెక్క అది. టెక్సాస్‌లో 2,500 డాలర్లకు చేరితే నేరం స్థాయే మారిపోతుంది. మన 1860 నాటి శిక్షాస్మృతి దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు అంది గానీ, ఖరీదు ఊసెత్తలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోనూ మొదటిసారికి గరిష్ఠం మూడేళ్లే. మళ్లీ దోషిగా తేలితే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల వరకు.

అపోహ: 5 వేల లోపైతే కేసుండదు.

వాస్తవం: ఉంటుంది. విలువ 5,000 రూపాయల కంటే తక్కువై, మొదటిసారి దోషిగా తేలి, సొత్తునో దాని విలువనో తిరిగిచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవ. మూడూ కలిస్తేనే.

రైతుకు చిక్కంతా స్టేషను మెట్ల దగ్గరే వస్తుంది. ఇంత చిన్న దొంగతనాన్ని కొత్త ప్రక్రియా చట్టం పోలీసులు సొంతంగా దర్యాప్తు చేయకూడని నేరాల్లో చేర్చింది. పైగా బెయిలు నిందితుడి హక్కు. పోలీసులు వివరం రాసుకుని ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి, అక్కడ ఆదేశం వస్తేనే దర్యాప్తు. కాబట్టి కేబులు కొన్న బిల్లు దాచుకోవడం మంచిది, విలువ చూపడానికి పనికొస్తుంది. నాలుగు వేల కేబులు పోయి, తడి తప్పి, తోట ఎండితే ఆ నష్టం మాత్రం ఈ లెక్కలోకి రాదు. సంతలో జేబుదొంగను చూసి గీసిన గీత ఇది, బోరు రైతును చూసి కాదనిపిస్తుంది నాకు.

అపోహ: ఎక్కడ ఎత్తుకుపోయినా ఒకటే.

వాస్తవం: ఖరీదు కంటే చోటుకే చట్టం ఎక్కువ విలువిస్తుంది. ఇంట్లో గానీ, సామాను భద్రపరిచే కట్టడంలో గానీ దొంగతనం జరిగితే 305వ సెక్షన్, ఏడేళ్ల దాకా జైలు. ఆ సెక్షన్‌లో 5 వేల మినహాయింపు లేదు. అంటే చేలో పరిచిన కేబులు ఒక లెక్క, మోటరు గదిలో చుట్టిపెట్టిన అదే కేబులు ఇంకో లెక్క. గుళ్లో విగ్రహం పోయినా ఏడేళ్ల సెక్షనే. ట్రాన్స్‌ఫార్మరు విప్పి రాగి చుట్టలు పట్టుకుపోతే 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ ఉంది, అక్కడ ధరతో పనిలేకుండా పోలీసులే కేసు కట్టొచ్చు.

అపోహ: కొన్న అంగడివాడికి ఏమీ కాదు.

వాస్తవం: దొంగసొత్తని తెలిసి కొన్నా, అలా అనుకోవడానికి కారణం ఉండీ కొన్నా 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. కాల్చి నల్లబడ్డ రాగిని బిల్లూ గిల్లూ లేకుండా సగం ధరకు తూచుకున్నవాడు, తనకేమీ తెలీదని కోర్టును నమ్మించడం అంత తేలిక కాదు.