అనంతపురం ఎండ, ఇంటి ఏసీ: అపోహలు – వాస్తవాలు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురం పీఠభూమికి మబ్బులేని ఆకాశం కరువుతోపాటు సౌరవిద్యుత్తునూ తెచ్చిపెట్టింది. 2022 నాటి జిల్లాల విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన నంబులపూలకుంట వద్ద ఎన్‌టీపీసీ సౌర కేంద్రం 2016లో ఉత్పత్తి మొదలుపెట్టగా, 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం సోలార్ పలకలను సామాన్యుల మిద్దెల మీదికి కూడా చేర్చుతోంది. ఈ క్రమంలో, నాలుగు పలకలు కొని, ఒక స్ప్లిట్ ఏసీ తెచ్చి, రెంటినీ సొంతంగా బిగించుకుంటే వేసవి పైసా ఖర్చు లేకుండా గడిచిపోతుందన్న నమ్మకం చాలామందిలో కనిపిస్తుంది. ఇందులో కొంత నిజముంది. ఇంటివారు తమ చేతులతో చేసుకోదగిన పని చాలానే ఉంది. అది ఎక్కడ ఆగాలో, శిక్షణ పొందిన చెయ్యి ఎక్కడ పడాలో తెలియకపోతే మాత్రం డబ్బే కాదు, ప్రాణం కూడా ప్రమాదంలో పడుతుంది.

ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ పుడుతుందన్నది ఈ విషయంలో బాగా పాతుకుపోయిన అపోహ. పలకలోని సిలికాన్ ఘటాలకు కావలసింది వెలుతురే గాని వేడి కాదు. పలక వెనుక ముద్రించే వాట్ల లెక్క ఘటం 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పటిది. ఆపై పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది. గాలి 42 డిగ్రీలున్న మే మధ్యాహ్నం పలక 65 డిగ్రీల దాకా వేడెక్కగలదు కాబట్టి, దుమ్ము ఏమాత్రం లేకపోయినా 540 వాట్ల పలక నుంచి 460 వాట్లకు మించి ఆశించడం కష్టం. ఏసీ సామర్థ్యాన్ని బయటి గాలి 35 డిగ్రీలున్న స్థితిలో కొలుస్తారు గనుక, సరిగ్గా అదే వేళకు అది కూడా తక్కువ చల్లదనమిచ్చి ఎక్కువ కరెంటు లాగుతుంది. పలకకూ మిద్దెకూ నడుమ గాలి ఆడేంత ఖాళీ ఉంచడం, అవుట్‌డోర్ యూనిట్‌ను పడమటి ఎండ తగలని చోట పెట్టించడం పెద్దగా ఖర్చు లేని జాగ్రత్తలే అయినా వాటి ఫలితం మాత్రం చిన్నది కాదు.

మిద్దె మీద సోలార్ ఉంటే కరెంటు పోయినా ఏసీ ఆగదనుకోవడం కూడా పొరపాటే. పథకం కింద అమర్చేవాటిలో అత్యధికం గ్రిడ్‌తో, అంటే విద్యుత్ సంస్థ లైనుతో ముడిపడినవి. పలకల డీసీ కరెంటును ఇంటి వాడకానికి పనికొచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చే వాటి ఇన్వర్టర్, లైనులో సరఫరా ఆగిన మరుక్షణం తానూ ఆగిపోతుంది. ఇది లోపం కాదు. సరఫరా లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం కాపాడడానికి పెట్టిన ఏర్పాటు.

ఇంకా లోతైన చిక్కు రాత్రిపూటది. రాయలసీమ డాబా ఇంట్లో పగలంతా ఎండను పీల్చిన కాంక్రీటు కప్పు ఆ వేడిని చీకటి పడ్డాక గదిలోకి వదులుతుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా లోకప్పుకు చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. నిద్రకు ఏసీ అవసరమయ్యే ఆ వేళ పలకల్లో కరెంటు ఉండదు. ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ ఎనిమిది గంటలకు సుమారు ఆరు నుంచి ఎనిమిది యూనిట్లు వాడుతుందనుకుంటే, 12 వోల్టుల 150 ఆంపియర్‌-అవర్ల బ్యాటరీలో నిండుగా 1.8 యూనిట్లే నిలువ ఉంటాయి. అది ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగానికి మించి వాడకూడదు కాబట్టి ఏడెనిమిది బ్యాటరీలైనా కావాలి. అంతకన్నా నెట్ మీటరింగ్ మేలు: మూడు కిలోవాట్ల పలకలు పగలు ఇచ్చే సుమారు పన్నెండు యూనిట్లలో మిగిలినవి లైనులోకి వెళ్లి, రాత్రి వాడకంతో చెల్లువేయబడతాయి. కప్పుకు వేసవి మొదట్లోనే తెల్లసున్నమో, ఎండను తిప్పికొట్టే రంగో పూయడం ఇంటివారు స్వయంగా చేసుకోగల అన్ని పనుల్లోకీ విలువైనది, ఎందుకంటే గదిలోకి రాని వేడిని ఏసీ తోడిపోయనక్కర్లేదు.

స్ప్లిట్ ఏసీ బిగింపు అంటే గోడకు రంధ్రం చేసి రెండు రాగి గొట్టాలు కలపడమేననీ, గొట్టాల్లోని గాలిని కొద్దిగా గ్యాస్ వదిలి తరిమేస్తే చాలుననీ చాలామంది నమ్ముతారు. నిజానికి యంత్రం ఆయుష్షు నిర్ణయమయ్యేది ఈ గంటలోనే. గొట్టాన్ని కట్టర్‌తో నిటారుగా కోసి, అంచున మిగిలే రాగి పొట్టును గొట్టంలో పడకుండా గీకి, నట్టును ముందే తొడిగి, అంచును గరాటులా విప్పాలి. దీన్నే ఫ్లేర్ అంటారు. దాన్ని నిర్ణీత బలంతో బిగించకపోతే గ్యాస్ నెమ్మదిగా కారిపోతుంది, మితిమీరి బిగిస్తే చిట్లుతుంది. ఆ తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి పీడనాన్ని 500 మైక్రాన్లకు దించి, పంపు ఆపాక అది మళ్లీ పైకి పాకదని చూడాలి. బయటి వాతావరణ పీడనం ఇదే కొలతలో 7,60,000 మైక్రాన్లు. అనంతపురం గాలిలో తేమే లేదు కదా అన్న వాదన నిలవదు: మిగిలిపోయిన గాలి ద్రవంగా మారక పీడనాన్ని పెంచుతుంది, కొద్దిపాటి తేమైనా కంప్రెసర్ నూనెను పాడుచేస్తుంది. పైగా నేటి ఏసీల్లో విరివిగా వాడే ఆర్-32 కొద్దిపాటి మంటస్వభావం గల వాయువు. భూతాపాన్ని పెంచడంలో బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 675 రెట్లు బలమైనది. అమెరికాలో గ్యాస్ ముందే నింపిన గొట్టాలతో, సొంతంగా అమర్చుకోవడానికే తయారుచేసిన ఏసీలు అమ్ముతారు. అక్కడ కూడా గ్యాస్ నింపే, తీసే పనికి ధ్రువపత్రం తప్పనిసరి. మన దగ్గర ఈ విద్యను ఐటీఐల్లో నేర్పుతారు, పని అప్పగించే ముందు ఆ శిక్షణ గురించి అడగడం ఇంటివారి హక్కు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది సోలార్ కరెంటు షాక్ కొట్టదన్న భ్రమ. 540 వాట్ల పలకలు ఆరింటిని వరుసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ పుడుతుంది. ఇంటి మెయిన్ ఆపినా, వెలుతురున్నంతసేపూ పలకల నుంచి దిగే తీగల్లో ఆ వోల్టేజీ అలాగే ఉంటుంది. ఏకాంతర విద్యుత్తు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది గనుక స్విచ్ తెరిచినప్పుడు పుట్టే మెరుపు తనంతట తానే ఆరిపోతుంది, డీసీకి ఆ విరామం లేదు. అందుకే ఇంట్లో వాడే మామూలు ఎంసీబీ బ్రేకర్‌ను పలకల వైపు వాడితే అది కాలిపోయి నిప్పు పుట్టించవచ్చు. వేర్వేరు కంపెనీల కనెక్టర్లను జతచేయడం కూడా ఇలాంటి తప్పే, సరిగా అతకని చోట వేడి పేరుకుంటుంది.

సొంతంగా బిగించుకుంటే కూలి మిగులుతుందన్న లెక్క కూడా తేలదు. పథకంలో రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకూ ఆపైనా 78,000 రూపాయల రాయితీ నమోదైన విక్రేతలు అమర్చినవాటికే వర్తిస్తుంది.

వానే పలకలను కడుగుతుందన్న నమ్మకం కోస్తాలో కొంతవరకు చెల్లవచ్చు గాని, ఇక్కడ జనవరి నుంచి ఏప్రిల్ దాకా పడే దుమ్మును కడిగేంత వాన అరుదు. కడగడం ఇంటివారే చేసుకోవచ్చు. తీగలనూ కనెక్టర్లనూ ముట్టకుండా, పలకలు వేడెక్కకముందే, తెల్లవారుజామున మెత్తటి తడిగుడ్డతో తుడవాలి. ఈ ప్రాంతపు బోరునీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి అద్దం మీద వాటిని ఆరనిస్తే తెల్లటి మరకలు పేరుకుపోతాయి, అందుకని తడిని వెంటనే పొడిగుడ్డతో ఒత్తేయడం అవసరం.