సుద్ద, సున్నము: వాని పుట్టుక, పొలమున వాని ఉపయోగము

తెల్లనివన్నియు పాలు కావను సామెత నేల విషయమునను చెల్లును. పొలమున తెల్లగా కనబడునది సుద్ద కావచ్చును, బంకమన్ను కావచ్చును, చౌడు కావచ్చును. వీని భేద మెరుగక చౌడునేలకు బండ్లకొలది సున్నము తోలించినచో నేల బాగుపడదు. కూలియు, బాడుగయు వ్యర్థమగును. కావున సున్నము ఎక్కడ నుండి వచ్చునో, ఏ నేలకు తగునో ప్రతి సేద్యగాడును తెలిసికొనవలెను.

సుద్ద యనగా నేమి?

సుద్ద మెత్తని సున్నపురాయి. చెరువులోని నత్తగుల్ల, కోడిగ్రుడ్డు పెంకు, తాండూరు బండ, సుద్ద, ఇవి చూపునకు వేరైనను వీనిలోని ముఖ్యపదార్థ మొక్కటియే. దానిని రసాయన శాస్త్రజ్ఞులు కాల్షియము కార్బొనేటు అందురు. స్వచ్ఛమైన సున్నపురాతిని 100 పాళ్ళు బట్టీలో పూర్తిగా కాల్చినచో 44 పాళ్ళు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోవును. 56 పాళ్ళ కాల్చిన సున్నము మిగులును. అది నీరు తగిలిన వెంటనే కుతకుత నుడికి పొడియగును. గోడలకు వేయు వెల్లయు, తాంబూలములోని సున్నమును ఇట్లు వచ్చినవే.

సుద్ద పుట్టిన విధము

వాననీరు గాలినుండియు నేలనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము పులుపెక్కును. ఆ నీరు రాళ్ళలోని సున్నమును కరగించి యేరులగుండ సముద్రమునకు చేర్చును. కంటి కగపడని సూక్ష్మమైన నాచుజాతులు కొన్ని ఆ సున్నమును గ్రహించి, తమ దేహములచుట్టు చిన్న చిన్న బిళ్ళలుగా పేర్చుకొనును. అవి చచ్చిన పిమ్మట ఆ బిళ్ళలు సముద్రగర్భమున పడి బురదయై, మీది బరువునకు అణగి, క్రమముగా రాయి యగును. వేయి సంవత్సరములకు పేరుకొనునది కొన్ని సెంటీమీటర్లు మాత్రమే.

ఇంగ్లాండు దేశమున డోవరు తీరమునందు 300 అడుగులకు మించిన తెల్లని కొండచరియలు ఇట్టి సుద్దతో నేర్పడినవే. అవి సుమారు 10 కోట్లనుండి 6.6 కోట్ల సంవత్సరములకు పూర్వము గడచిన యుగమున సముద్రపుటడుగున పుట్టి, పిదప భూమి పైకెత్తబడుటచే బయలుపడినవి. 1868లో హక్స్‌లీ యను శాస్త్రజ్ఞుడు నార్విచ్ పట్టణమున కార్మికులకు సుద్దముక్కను గూర్చియే యొక ఉపన్యాసమిచ్చి ఈ చరిత్రను బోధించెను. ఆ దేశపు రైతులు పూర్వము సుద్దను త్రవ్వి పులుపెక్కిన పొలములలో చల్లుచుండిరి.

నల్లరేగడిలోని సున్నపు గుండ్లు

ఆ సుద్దయుగము ముగియు కాలముననే దక్కను పీఠభూమిపై అగ్నిద్రవము పొరలుపొరలుగా పారి నల్లరాయిగా గట్టిపడెను. ఆ రాయి శిథిలమగుటచే ఏర్పడినదే దక్కనులోని నల్లరేగడిలో పెద్దభాగము. నల్లరాతిలో సున్నపు ధాతువు కలదు. వానకాలమున నీరు దానిని కరగించి క్రిందికి దించును. ఎండకాలమున ఆ నీరు ఆరిపోగా సున్నము అచటనే నిలిచి, ఏటేట పెరిగి గుండ్లుగా మారును. వర్షము తక్కువగు సీమలలో అది పూర్తిగా కొట్టుకొనిపోదు. బావి త్రవ్వునపుడు కనబడు తెల్లని గుండ్లు ఇవియే. ఇవి సముద్రజీవుల గుల్లలు కావు. పదార్థ మొక్కటియే, పుట్టుక వేరు. కావున నల్లరేగడికి సాధారణముగా సున్నము కొనితెచ్చి వేయ నక్కరలేదు.

గుర్తించుట యెట్లు?

తెల్లని పదార్థమును పొడిచేసి నిమ్మరసము పోసి చూడవలెను. బుసబుస పొంగినచో అందు సున్నపురాయి కలదు. నామపుసుద్ద బంకమన్ను జాతి, అది పొంగదు. జిప్సమును పొంగదు. బడిలో నల్లబల్లపై వ్రాయు ముక్కలు పెక్కు జిప్సముతో చేయబడుచున్నవి. వానిని సుద్దముక్కలనుట పేరునకు మాత్రమే.

ఏ నేలకు ఏది తగును?

1. పులుపెక్కిన ఎర్రనేలకు సున్నము మేలు చేయును. అయితే ఎర్రనేల యంతయు పులుపుది కాదు. మట్టిని పరీక్ష చేయించి, చెప్పిన మోతాదునే మెత్తని పొడిగా వేయవలెను.

2. సున్నము మిక్కుటమైన నేలలో ఇనుము పైరునకు సరిగా అందదు. వేరుసెనగ లేత ఆకులు ఈనెల నడుమ పసుపుబారి, పిదప తెల్లబారుట దీని గుర్తు. అట్టి చోట మరల సున్నము వేయుట కీడు.

3. సోడియము పేరుకొనిన కారుచౌడునకు సున్నము పనికిరాదు. ఆ క్షారపునేలలో అది కరగదు. జిప్సము కరగి సోడియమును వేరుచేయును; పిదప మంచినీరు నిలువగట్టి, ఆ నీరు క్రిందికి దిగి కాలువలగుండ వెలికి పోవునట్లు చేయవలెను. మురుగు పోవు దారి లేనిచో జిప్సము వేసియు ఫలము లేదు.

సున్నము మందు వంటిది. రోగ మెరిగి వేసిన నేల కోలుకొనును. ఎరుగక వేసిన రైతు నష్టపడును. బండి కట్టుటకు ముందు పిడికెడు మట్టిని పరీక్షకు పంపుట మేలు.