పెడళ్లు కొనకుండానే గిటారు హంగులు

మన మెట్‌పల్లిలో బిడ్డ గిటారు నేర్చుకుంటూ, "అమ్మా, పెడళ్లు కొనియ్యవే" అంటే ఖర్చుకు భయపడి కాదనకండి. 2000లో విడుదలైన ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఇంట్లో కంప్యూటరులో పెట్టుకుంటే చాలావరకు పని జరుగుతుంది.

ముందుగా గిటారును ఏ హంగూ లేకుండా రికార్డు చేసి, ఒక నకలు దాచుకోవాలి. 'డిస్టార్షన్' అంటే, సోలలో బియ్యం పోసి పైగుట్టను చేత్తో సాపు చేస్తాం చూడండి, అలాగే ధ్వని తరంగాల శిఖరాలను కోసెయ్యడం. అందుకే గరగరమంటుంది. 'డిలే' అంటే ప్రతిధ్వని. 50 మీటర్ల దూరపు గోడను తాకి తిరిగొచ్చినట్టు వినిపించాలంటే 0.3 సెకన్లు పెట్టండి. డిస్టార్షన్ ముందు, డిలే తర్వాత చేస్తే ప్రతిధ్వనులు కలగాపులగం కావు.

పెడలైతే వాయిస్తుండగానే స్వరం మారుతుంది. ఇక్కడ వాయించాక మార్చుకోవాలి. ఆ ఒక్కటే లోటు. చెడితే నకలు ఉండనే ఉంది. బిడ్డ ముచ్చటకు పైసలు అడ్డం కావద్దు కదా!