సీ-18 మాటున దాగిన సిలికా

జీడిమెట్లలోనో పరవాడలోనో ఏ మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో డ్రాయరు లాగినా మిశ్రమాల్లోని పదార్థాలను విడదీసే జానెడు పొడవు స్టీలు గొట్టాలు, అంటే కాలమ్‌లు, వరసగా కనబడతాయి. లోపలి వ్యాసం 4.6 మిల్లీమీటర్లు, నిండా దట్టించిన తెల్లని సిలికా పొడి. చాలావాటి మీద ఒకటే మాట: సీ-18. తయారీదార్లే వేరు. సరుకు ఒకటే అయినప్పుడు ఇన్నెందుకని కొత్తగా చేరిన కుర్రాడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే.

ఈ గొట్టం మూలాలు ఉన్ని దగ్గర ఉన్నాయి. 1941లో ఇంగ్లండులోని లీడ్స్ ఉన్ని పరిశోధన సంస్థలో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ సిలికా జెల్‌కు నీళ్లు పట్టించి, దానిమీదుగా క్లోరోఫామ్ పారించి, ఎమైనో ఆమ్లాల ఎసిటైల్ రూపాలను విడదీశారు. నీటితో చెలిమి ఉన్నవి వెనకబడ్డాయి, లేనివి ముందుకు పోయాయి. 1952లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కొవ్వు ఆమ్లాల దగ్గర మాత్రం ఆ ఏర్పాటు పనికిరాలేదు. నీళ్లంటే గిట్టని పొడుగాటి గొలుసులన్నీ ద్రావణితో కలిసి గుంపుగా బయటికొచ్చేస్తాయి. 1950లో హోవార్డ్ అనే శాస్త్రవేత్త, మార్టిన్ కలిసి పాత్రలు తారుమారు చేశారు. కీజెల్‌గూర్ మట్టికి సిలేన్ ఆవిరి తగిలించి నీళ్లు అంటకుండా చేశారు. దానికి పారఫిన్ నూనె పట్టించి, నీరు కలిసిన ద్రావణిని పారించారు. 12 నుంచి 18 కార్బన్ల దాకా ఉన్న ఆమ్లాలు పొడవు వరసలో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అదే రివర్స్‌డ్ ఫేజ్.

చిక్కల్లా ఆ నూనె కొద్దికొద్దిగా కొట్టుకుపోవడమే. అందుకని తరవాతివాళ్లు నూనె మాని, 18 కార్బన్ల గొలుసునే సిలికాకు రసాయన బంధంతో కట్టేశారు. 1973లో వాటర్స్ కంపెనీ 10 మైక్రాన్ల రేణువులతో మైక్రోబాండాపాక్ సీ-18 తెచ్చాక ఈ పద్ధతికి ఎదురులేకపోయింది.

కానీ కింద సిలికా అలాగే ఉంది. దాని ఉపరితలం మీద చదరపు మీటరుకు సుమారు 8 మైక్రోమోల్‌ల సిలనాల్‌లు, అంటే సిలికాన్‌కు అంటుకున్న ఓహెచ్ గుంపులు ఉంటాయి. సీ-18 గొలుసులు స్థూలకాయాలు. కొబ్బరితోట ఎంత చిక్కగా వేసినా చెట్ల మధ్య నేల మిగిలినట్టు, సగం సిలనాల్‌లు ఖాళీగా ఉండిపోతాయి. ఎండ్ క్యాపింగ్ పేరుతో చిన్న ట్రైమిథైల్‌సిలైల్ గుంపులను జొప్పిస్తే మరికొన్ని కప్పబడతాయి గానీ అన్నీ కావు. పాత సిలికాలో ఇనుము, అల్యూమినియం మలినాలుండి మిగిలిన సిలనాల్‌లను మరింత ఆమ్లంగా మార్చేవి. మందుల్లో చాలా ఎమీన్‌లు ఉంటాయి. పీహెచ్ 7 దగ్గర వాటికి ధనావేశం, సిలనాల్‌కు రుణావేశం. అణువు అక్కడ చిక్కుకుని నింపాదిగా బయటపడుతుంది, తెర మీద దాన్ని చూపే శిఖరానికి, అంటే పీక్‌కు తోక వస్తుంది. దానికి విరుగుడుగా పీహెచ్ 3 దాకా దించేవారు, లేదా కుళ్లిన చేప వాసన కొట్టే ట్రైఇథైల్‌ఎమీన్ కలిపేవారు. లోహాలు దాదాపు లేని శుద్ధ సిలికా వచ్చాక ఆ కంపు చాలావరకు తప్పింది.

కాలమ్ గుణం తెలుసుకోవాలంటే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన పరీక్ష మిశ్రమం ముచ్చటగా ఉంటుంది. అందులో అయిదే పదార్థాలు. యురాసిల్ ఎక్కడా ఆగకుండా వచ్చి, కాలమ్‌లో ఖాళీ ఎంతో చెబుతుంది. టోలుయీన్, ఇథైల్‌బెంజీన్‌లకు ఒక్క కార్బనే తేడా. వాటి మధ్య ఎడం చూస్తే గొలుసుల పట్టు తెలుస్తుంది. క్వినిజరిన్ లోహాన్ని కౌగిలించుకునే రంగు పదార్థం, సిలికాలో లోహం ఉంటే దాని పీక్ చెడుతుంది. అమిట్రిప్టిలిన్ ఎమీన్, సిలనాల్‌ల గుట్టు అదే విప్పుతుంది. క్యాటలాగులో పొగడ్తలు చదివే బదులు ఈ ఒక్క క్రొమాటోగ్రామ్ చూడడం మేలని నా లెక్క.

మామూలు సీ-18కు పీహెచ్ 2 నుంచి 8 దాకానే హద్దు. 2 కన్నా దిగితే గొలుసును కట్టిన బంధం తెగుతుంది, 8 దాటితే సిలికాయే కరుగుతుంది. క్షారంలో పని ఉంటే 1999లో ఎక్స్‌టెర్రా కాలమ్‌తో మొదలైన, సిలికా అస్థిపంజరంలోనే మిథైల్ గుంపులు చేర్చిన హైబ్రిడ్ రకం కావాలి. మెట్‌ఫార్మిన్ లాంటి నీటి ప్రియులైతే మామూలు సీ-18 మీద నిలవవు. అలాగని నూరు శాతం నీళ్లతో నడిపితే మరో తలనొప్పి. పంపు ఆపగానే రంధ్రాల్లోని నీరు బయటికి జారిపోతుంది, మర్నాడు పదార్థాలను పట్టి ఆపే గుణం (రిటెన్షన్) ఉండదు. గొలుసులు కుప్పకూలాయని చాలాకాలం అనుకున్నారు. నిజానికి తడి ఆరిపోవడమే అది. ధ్రువ గుంపు ఇమిడ్చిన కాలమ్‌లకు ఈ బెడద తక్కువ.

రేణువు సైజు గురించి గోల ఎక్కువ. 5 మైక్రాన్ల నుంచి 1.7కు దిగితే, పొడవూ వేగమూ మార్చకపోతే, పీడనం ఎనిమిది రెట్లు దాటుతుంది. పీక్‌లు సన్నబడతాయి గానీ వాటి వరస మారదు. వరస మార్చేది రసాయనమే.

అమెరికా ఫార్మకోపియా మాత్రం సీ-18 సిలికాలన్నిటినీ ఎల్1 అనే ఒక్క గాటన కట్టింది. పరీక్ష పద్ధతిలో, అంటే మెథడ్‌లో, ఎల్1 అని ఉంది కదా అని చవకది కొంటే మలినం పీక్ వచ్చి అసలు పీక్‌లో కలిసిపోవచ్చు. లాయిడ్ స్నైడర్, ఆయన సహచరులు కాలమ్‌ను అయిదు గుణాలుగా విడగొట్టి, రెండింటి మధ్య దూరాన్ని ఎఫ్ఎస్ అనే అంకెగా లెక్కకట్టారు. అది 3 లోపుంటే ఒకదాని బదులు మరొకటి వాడుకోవచ్చు. కొత్త మెథడ్ కట్టేటప్పుడు, తొలి కాలమ్ చూపని మలినం ఏదైనా దాక్కుందేమో వెతకాలంటే దూరంగా ఉన్న రెండోదాన్ని ఎంచుకోవాలి. మెథడ్ ఖాయం చేసే ముందు వేర్వేరు లాట్ల సిలికా నింపిన కాలమ్‌ల మీద అదే నమూనా నడిపించి చూస్తారు, లేబుల్ మాత్రం అన్నిటి మీదా ఒకటే.