హరిత వలయం ఎంత వెడల్పు ఉండాలి? వర్గ సమీకరణం చెప్పే జవాబు

గుజరాత్‌లోని సూరత్‌కు చేరువలో, తాపీ నది సముద్రంలో కలిసే చోట హజీరా ఉంది. ఉక్కు, ఎరువులు, పెట్రో రసాయనాలు, సహజ వాయువు శుద్ధి వంటి భారీ పరిశ్రమలకు ఇది కేంద్రం. ఇలాంటి పరిశ్రమలకు మన దేశంలో ఏళ్లుగా ఇస్తూ వచ్చిన పర్యావరణ అనుమతుల్లో ఒక షరతు తరచుగా కనిపిస్తుంది. మొత్తం స్థలంలో 33 శాతం మేర చెట్లు పెంచాలి. ప్రహరీ వెంట దట్టంగా పెరిగిన చెట్లు దుమ్మును కొంత అడ్డుకుంటాయి, శబ్దాన్ని తగ్గిస్తాయి.

మరి ఆ చెట్ల పట్టీ ఎంత వెడల్పు ఉండాలి?

600 మీటర్ల పొడవు, 400 మీటర్ల వెడల్పు ఉన్న ఒక స్థలాన్ని ఊహించుకుందాం. వైశాల్యం 2,40,000 చదరపు మీటర్లు. అందులో 33 శాతం అంటే 79,200. స్థలం చుట్టుకొలత 2,000 మీటర్లు. 79,200ను 2,000తో భాగిస్తే 39.6 మీటర్లు వస్తుంది. లెక్క తేలిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ఇది తప్పు.

మూలల దగ్గర మెలిక

పొడవు వెంట వెళ్లే పట్టీ, వెడల్పు వెంట వచ్చే పట్టీ ప్రతి మూలలోనూ ఒకదానిపై ఒకటి పడతాయి. అలా నాలుగు చతురస్రాలను రెండేసిసార్లు లెక్కించాం. పట్టీ వెడల్పు 'క్ష' అనుకుంటే, వాటి మొత్తం వైశాల్యం 4క్ష². దాన్ని తీసేయాలి:

2000క్ష − 4క్ష² = 79,200

అన్నిటినీ ఒక వైపుకు తెచ్చి 4తో భాగిస్తే:

క్ష² − 500క్ష + 19,800 = 0

ఇది పదో తరగతిలో చదివే వర్గ సమీకరణమే. దీన్ని సాధించే పద్ధతిని 12వ శతాబ్దపు భాస్కరాచార్యుడు తనకంటే ముందువాడైన శ్రీధరాచార్యుడి పేరుతో పేర్కొన్నాడు. సూత్రం ప్రకారం రెండు మూలాలు వస్తాయి: సుమారు 43.36, 456.64. స్థలం వెడల్పే 400 మీటర్లు కాబట్టి రెండోది కుదరదు. కావలసిన వెడల్పు 43.36 మీటర్లు.

తేడా చిన్నదేనా?

39.6 మీటర్లతోనే సరిపెడితే 6,272 చదరపు మీటర్లకు పైగా, అంటే సుమారు ఎకరంన్నర తగ్గిపోతుంది. పచ్చదనం 33 శాతానికి బదులు 30.4 శాతమే ఉంటుంది. షరతు నెరవేరదు.

పట్టీ ఒక మీటరే అయితే మూలల పొరపాటు 4 చదరపు మీటర్లే. వెడల్పు రెట్టింపైతే పొరపాటు నాలుగు రెట్లవుతుంది. అందుకే సన్నని పూలమడికి చెల్లిన భాగహారం పరిశ్రమ చుట్టూ పెంచే చెట్ల పట్టీకి చెల్లదు.