కొత్త చెరువులో ఒక్క పూట గాలం

మన ఊరి చెరువు మనకు తెలుసు. లోతు ఎక్కడో తెలుసు. ఏ తుంగ కింద కొరమీను దాగుతుందో తెలుసు. మరి అక్క ఊరికి వెళ్ళాం. అక్కడి చెరువు కొత్త. చేతిలో ఉన్నది ఒక్క పూట. మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. ఆ పూటలోనే కూరకు సరిపడా చేప దొరకాలి. ఎలా?

చాలామంది నీళ్ళు కనబడగానే గాలం వేస్తారు. గంటసేపు అక్కడే కూర్చుంటారు. చేప కొరకదు. "ఈ చెరువులో చేపల్లేవు" అని లేచి వస్తారు. చేపలు ఉంటాయి. వాళ్ళు కూర్చున్న చోట లేవు, అంతే.

అందుకే ముందు అడగాలి. చెరువు దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. బర్లను కడిగేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు. వాళ్ళకు తెలియనిది ఉండదు.

"పెద్దమ్మా, ఈ చెరువు ఎవరిది?"

"సంఘపోళ్ళది బిడ్డా. గాలం వేస్తే ఏమనరు. వల వేస్తేనే కొట్లాట. అయినా ఒక మాట అడుగు."

"లోతు ఎక్కడుంది పెద్దమ్మా?"

"ఆ తాటిచెట్ల దిక్కు పోకు. ఎండాకాలంల జేసీబీతోని మట్టి తీసిన్రు. మనిషి మునిగే గుంతలు."

చూశారా? రెండు మాటల్లో రెండు సంగతులు తెలిశాయి.

మొదటిది హక్కు. ఊరి చెరువులో చేపలు ఊరికే పెరగవు. చాలా చెరువుల్లో మత్స్య సహకార సంఘం వాళ్ళు చేప పిల్లలను వదులుతారు. కొన్ని చెరువులను పంచాయతీ వేలం వేస్తుంది. అడగకుండా పడితే అది వాళ్ళ కష్టాన్ని తీసుకోవడమే. అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. వద్దంటే వద్దు.

రెండోది ప్రాణం. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైంది. చాలా చెరువుల్లో పూడిక తీశారు. చెరువులకు అది మేలే. కానీ మట్టి తీసిన చోట గుంతలు ఉండవచ్చు. ఇటుకల కోసం, ఇళ్ళ కోసం తవ్వినవీ ఉంటాయి. నీళ్ళు నిండాక అవి కనబడవు. మోకాటి లోతు అనుకొని అడుగు వేస్తే నెత్తి మీదికి నీళ్ళు వస్తాయి. కొత్త చెరువులో నీళ్ళలోకి దిగవద్దు. గట్టు మీద నుంచే గాలం వేయండి. తూము తీసి నీళ్ళు వదులుతుంటే తూము దగ్గరికి అసలే పోవద్దు. ఆ నీళ్ళు మనిషిని లాగేస్తాయి.

అడిగాక చూడాలి. ఒక పావుగంట గట్టు మీద మెల్లగా నడవండి. గాలం వేయకండి. నీళ్ళను చూడండి.

గడ్డి, తుంగ, తామరాకులు ఉన్న చోట "గుప్" మని చప్పుడు వచ్చిందా? నీళ్ళ మీద ఒక గుండ్రం లేచిందా? అది కొరమీను కావచ్చు. కొరమీనుకు మొప్పలు ఒక్కటే చాలవు. అది నీళ్ళ పైకి వచ్చి గాలి మింగాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. చేప నీళ్ళలో మునిగి చావడం వింతే గదా!

నడి నీళ్ళలో అడుగు నుంచి సన్న బుడగలు వరసగా వస్తున్నాయా? బంగారు తీగో, ఎర్ర మోసో బురదలో మేత వెతుకుతూ ఉండవచ్చు. ఈ చేపలు అడుగున తింటాయి. బొచ్చె పైన తింటుంది.

ఒక్క చోట మాత్రం మోసపోవద్దు. తెల్లవారుజామున చెరువంతా చేపలు మూతులు పైకెత్తి నోళ్ళు తెరుస్తూ ఉంటాయి. ఎంత చేప ఉందో అని సంబరపడతాం. అవి ఆకలితో రాలేదు. నీళ్ళలో గాలి తగ్గి ఊపిరి కోసం వచ్చాయి. అప్పుడు ఎర వేసినా ముట్టవు. ఎండ ఎక్కేదాకా ఆగాలి.

ఇక వేట రెండు రకాలు. నడిచే వేట, కూర్చునే వేట.

నడిచే వేట కొరమీనుకు. అది ఊరికే తిరగదు. గడ్డి అంచున నక్కి కూర్చుంటుంది. ముందుకు వచ్చినదాన్ని ఒక్కసారిగా మింగుతుంది. కాబట్టి మనమే దాని దగ్గరికి పోవాలి. పొడుగు కర్ర, గట్టి దారం కావాలి. సన్న దారమైతే చేప గడ్డిలోకి లాగి తెంపేస్తుంది. చిన్న పరిగె పిల్లను గాలానికి గుచ్చండి. గడ్డి అంచునే, నీళ్ళ పైపైన ఆడించండి. కొందరు కప్పను గుచ్చుతారు. పొలంలో పురుగులు తినే కప్పను చంపడం ఎందుకు? పరిగె చాలు. నాలుగైదు సార్లు వేసినా కొరకలేదా? పది అడుగులు ముందుకు జరగండి. కొరికితే వెంటనే లాగకండి. కొంచెం మింగనివ్వండి.

కూర్చునే వేట బొచ్చె, శీలావతి, బంగారు తీగలకు. తవుడు ముద్దలు నీళ్ళలో వేయాలి. చేపలు చేరేదాకా ఓపిక పట్టాలి. గాలానికి గోధుమపిండి ముద్ద, దారానికి బెండు. చప్పుడు చేయకూడదు. నీడ నీళ్ళ మీద పడకూడదు.

ఒక్క పూటే ఉంటే ఏది మంచిది? చెరువులో గడ్డి ఉంటే నడిచే వేటే మంచిదని నా మాట. నాలుగు చోట్లు చూడవచ్చు. ఎక్కడో ఒక చోట తగులుతుంది. గడ్డి లేని చెరువైతే నడిచి లాభం లేదు. వాగు వచ్చి కలిసే చోట కూర్చోండి. వాన పడి కొత్త నీళ్ళు వస్తుంటే చేపలు అక్కడికే చేరతాయి. కొత్త నీళ్ళతో మేత వస్తుంది. ఎండాకాలం నడి ఎండలో మాత్రం రెండు వేటలూ దండగే. పొద్దున్నే పోవాలి. లేదా పొద్దు వాలాక.

వానాకాలంలో ఇంకొకటి కనబడుతుంది. గడ్డి పక్కన ఎర్రెర్రగా చిన్న పిల్లల గుంపు నీళ్ళ మీద ఆడుతుంది. అవి కొరమీను పిల్లలు. కింద తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా ఉంటారు. అక్కడ ఎర వేస్తే పిల్లల మీదికి వచ్చిందని కోపంతో కొరుకుతాయి. పట్టడం చాలా సులువు. కానీ పట్టవద్దు. కాపలా పోతే ఆ పిల్లలను మిగతా చేపలు తినేస్తాయి. మన కూరకు ఒక్క చేప, చెరువుకు వందల చేపలు నష్టం. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా పెట్టుకున్నది ఈ కొరమీనునే.

జెల్ల పడితే చెయ్యి జాగ్రత్త. దాని మెడ పక్కన, వీపు మీద ముళ్ళుంటాయి. తడిగుడ్డతో పట్టి గాలం తీయండి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టండి. నొప్పి తగ్గుతుంది. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా, చెయ్యి వాచినా ఆసుపత్రికి వెళ్ళండి.

కొరమీను దొరికిందా? చంపకండి. కుండలో కొంచెం నీళ్ళు పోసి అందులో వేయండి. నిండా పోయకండి, దానికి గాలి కావాలి. మూతికి గుడ్డ కట్టండి, లేకపోతే ఎగిరి దూకుతుంది. ఇంటికి చేరేదాకా బతికే ఉంటుంది. కూరకు మించి దొరికితే అమ్ముకోవచ్చు. బతికిన కొరమీనుకు చచ్చినదానికన్నా మంచి ధర వస్తుంది.